లియూవాన్ ఊరి విడాకులు

ఆ వసంతంలో లియూవాన్ ఊరు ఊరంతా విడాకులు తీసుకుంది. పెళ్ళికాని బ్రహ్మచారులు నలుగురు మాత్రం మిగిలిపోయారు. వాళ్ళకీ సంతోషం లేదు. విడిచిపెట్టడానికి తమకొక పెళ్ళామైనా లేకపోయెనే అని కుమిలిపోయారు.

సంగతేమిటంటే, ఊరి మీదికి కొత్త నగరం వచ్చి పడింది. పాత ఇళ్ళన్నీ కూల్చేసి, వెల్లుల్లి పొలాల్లో లేచిన పద్దెనిమిది అంతస్తుల మేడల్లో కుటుంబానికొక ఫ్లాటు ఇస్తారని తేలింది. ఊరి సెక్రటరీ గావ్ మీటింగు పెట్టాడు. టీ సీసా మూత తీసి, పైకి తేలిన ఆకుల్ని ఊది, తాపీగా ఒక గుక్క తాగాక అన్నాడు: "కుటుంబానికి ఒక ఫ్లాటు. ఊళ్ళో కుటుంబాలెన్నో లెక్కపెట్టడం నా పని కాదు. అది మీ ఇళ్ళల్లో సంగతి."

అర్థమైనవాళ్ళకి అక్కడే అర్థమైంది. కానివాళ్ళకి ఇంటికెళ్ళాక పెళ్ళాలు విడమరిచి చెప్పారు. మొగుడూ పెళ్ళామూ కలిసుంటే ఒక ఫ్లాటు, విడిపోతే రెండు. తాళాలు చేతికొచ్చాక మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఎవరు కాదంటారు?

లువో బావోషాన్‌కి అరవై దాటాయి. పుట్టినప్పటి నుంచీ వెల్లుల్లి రైతు. మనిషి మంచివాడే గానీ మాటల దగ్గర మహా పిసినారి. భార్య యిన్‌ఫెంగ్‌తో ఆయన రోజు మొత్తంలో ఆడే మాటలు మూడే: వంటైందా, చొక్కా ఏదీ, దీపం ఆర్పు. విడాకుల సంగతి కూడా అంతే క్లుప్తంగా చెప్పాడు.

"రేపు పొద్దున టౌనుకి. విడాకులు. మంచి చొక్కా తీసిపెట్టు."

నూడుల్స్ పిండి పిసుకుతున్న యిన్‌ఫెంగ్ "ఊఁ" అంది.

టౌనులో పెళ్ళిళ్ళూ విడాకులూ నమోదు చేసే ఆఫీసు ముందు తిరునాళ్ళలా ఉంది. లియూవాన్ దంపతులంతా వరసలో నిలబడి పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కు తింటూ, ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు పొట్టు ఉమ్ముకుంటూ, పకపకా నవ్వుకుంటున్నారు. ఆ ఊళ్ళో ఆలుమగలు అంత సఖ్యంగా ఉండటం అంతకు ముందు ఎవరూ చూడలేదు. పక్కింటి పాన్ అప్పటికే విడాకులు పుచ్చుకుని బయటికొస్తూ బావోషాన్ చెవిలో ఊదాడు.

"ఏమడిగినా 'మాకు పొసగట్లేదు' అను తమ్ముడూ. అంతే. ఎక్కువ మాట్లాడావో, దొరికిపోతావ్."

"నేనెప్పుడు మాట్లాడాను?" అన్నాడు బావోషాన్.

బల్ల వెనక కూర్చున్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. పొద్దున్నించీ ముద్రలు కొట్టీ కొట్టీ మణికట్టు లాగేసినట్టుంది, చెయ్యి పిసుక్కుంటూ అడిగింది.

"కారణం ఏంటి తాతగారూ?"

"మాకు పొసగట్లేదు."

"ఏం పొసగట్లేదు?"

ఆ ప్రశ్నకి జవాబు పాన్ నేర్పలేదు. బావోషాన్ పైకప్పు వంక చూశాడు, గోడ వంక చూశాడు. ఎంత వెతికినా పెళ్ళాం మీద చెప్పడానికి ఒక్క నేరం దొరకలేదు. చివరికి "కూరల్లో వెల్లుల్లి ఎక్కువేస్తది" అన్నాడు. వెనక వరసలో వాళ్ళు గొల్లుమన్నారు. ఊరంతటికీ వెల్లుల్లి అమ్మేది ఆయనే.

"మీరు చెప్పండి బామ్మా," అంది అమ్మాయి.

యిన్‌ఫెంగ్ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది. కూతురు పుట్టిన రోజు ఈయన పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడని, మధ్యలో వచ్చి "ఎవరు?" అని అడిగి, ఆడపిల్ల అని చెప్పగానే మళ్ళీ నీళ్ళు పెట్టడానికే వెళ్ళిపోయాడని చెప్పింది. తను మోకాలు వాచి మంచం పట్టిన వారం రోజుల్లో ఎలా ఉందని అడగలేదనీ, వంటెప్పుడని మాత్రం మూడు పూటలా అడిగాడనీ చెప్పింది. పండగ పూట ఇంటిల్లిపాదీ తినేసి లేచాక చల్లారిన కుడుములు తినీ తినీ, వేడి కుడుముల రుచే మరిచిపోయానంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆవిడ చెబుతుంటే వరసలో గింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది. బల్ల వెనక అమ్మాయి కళ్ళు తుడుచుకుని, టిష్యూ డబ్బా యిన్‌ఫెంగ్ ముందుకి జరిపి, ఆ రోజు ఎవరికీ కొట్టనంత గట్టిగా ముద్ర కొట్టింది.

బయటికి రాగానే బావోషాన్ పొంగిపోయాడు.

"ఏం నటించావే! నాకే నిజమనిపించింది. నువ్వు నాటకాల్లోకి పోవాల్సింది."

యిన్‌ఫెంగ్ ఆయన వంక ఒకసారి చూసింది. "ఆకలేస్తోంది, పద," అంది.

ఇద్దరూ వీధి చివర కొట్లో మాంసం పులుసులో నూడుల్స్ తిని, మూడు చక్రాల కరెంటు బండి మీద ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఇంటికొచ్చారు. ఆ రోజు తిన్నంత కమ్మగా బావోషాన్ తన పెళ్ళినాడు కూడా తినలేదు.

ఇల్లలకగానే పండగ కాదంటారు. ఆ సంగతి ఆయనకి ఫ్లాట్ల తాళాలు వచ్చాక గానీ తెలియలేదు.

బావోషాన్‌కి ఆరో అంతస్తు వచ్చింది, యిన్‌ఫెంగ్‌కి అదే మేడలో పదకొండో అంతస్తు. అంతలో ఒక పుకారు పుట్టింది. తనిఖీ వాళ్ళు వస్తారట, విడిపోయినవాళ్ళు నిజంగా విడిగా ఉంటున్నారో లేదో చూస్తారట, ఒక బాత్‌రూములో రెండు బ్రష్షులు కనబడితే ఫ్లాటు వెనక్కి లాక్కుంటారట. దాంతో ఊరి మగవాళ్ళంతా పగలు వేరు కాపురం, చీకటి పడితే పాత కాపురం మొదలుపెట్టారు. తెల్లారేసరికి లిఫ్టు నిండా దిండ్లు చంకన పెట్టుకున్న ముసలాళ్ళే. సొంత పెళ్ళాల దగ్గర్నించి దొంగల్లా తిరిగొస్తూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక అంతస్తుల నంబర్ల వంక చూస్తూ నిలబడేవాళ్ళు.

బావోషాన్ కూడా ఒక సాయంత్రం దిండు పట్టుకుని పైకెళ్ళాడు. యిన్‌ఫెంగ్ తలుపు బెత్తెడు తెరిచింది.

"తనిఖీ వాళ్ళొస్తారు. మనకిప్పుడు ఏ సంబంధమూ లేదు. చట్టం చట్టమే, లువో గారూ."

తలుపు మూసుకుంది. లువో గారూ! కట్టుకున్న పెళ్ళాం నోట ఆ పిలుపు విన్నాక బావోషాన్‌కి లిఫ్టు ఎక్కాలో మెట్లు దిగాలో కూడా తోచలేదు. అయినా చట్టం మీద అంత గౌరవం ఉండటం మంచిదేలే అనుకుని దిండుతో సహా దిగొచ్చేశాడు.

తనిఖీ వాళ్ళు ఎవరూ రాలేదు. వేసవి పోయింది. ఊరి దంపతులు మళ్ళీ పెళ్ళిళ్ళకి బారులు తీరారు. అదే ఆఫీసు, అదే వరస, అవే గింజలు. బల్ల వెనక అమ్మాయి ఈసారి తలెత్తి చూడటం కూడా మానేసింది. బావోషాన్ మంచి చొక్కా తనే వెతుక్కుని తొడుక్కుని పదకొండో అంతస్తుకి వెళ్ళాడు.

"పద. పెళ్ళి."

"ఎవరికి?"

"మనకి."

"ఇవాళ కుదరదు. సాయంత్రం మైదానంలో డ్యాన్సుంది."

మర్నాడు గోడలకి రంగులు వేయించుకుంటున్నానంది. ఆ మర్నాడు ఆ రంగులు ఆరాలంది. బావోషాన్ తొంగి చూస్తే గోడలు లేత పీచ్ పండు రంగులో మెరిసిపోతున్నాయి. కిటికీలో పూలకుండీ, బల్ల మీద ఒక్కళ్ళకి సరిపడే చిన్న గిన్నె, పక్కన పొగలు కక్కుతున్న కుడుములు. ఆవిడ ముఖం కూడా పదేళ్ళు చిన్నదైంది. అది చూసి ఆయనకి గుండెలో రాయి పడింది.

"అసలెప్పుడు చేసుకుంటావో చెప్పు."

"నాకు చేసుకోవాలని లేదు," అంది యిన్‌ఫెంగ్. కోపంగా కూడా అనలేదు. ఉప్పు అయిపోయింది అన్నంత మామూలుగా అంది.

పాన్ ఈ సంగతి విని పుల్లతో పళ్ళు కుట్టుకున్నాడు. "మధ్యలో ఇంకో మగాడెవడో ఉండుంటాడు తమ్ముడూ. పోయి చూడు."

బావోషాన్ చెట్టు చాటున నక్కి మైదానంలో డ్యాన్సు చూశాడు. నలభై మంది ఆడవాళ్ళు ఎర్ర విసనకర్రలు విప్పి, ముడిచి, గిర్రున తిరుగుతున్నారు. అంతమందిలో మగపురుగన్నవాడు ఒకే ఒక్కడు, పాటల పెట్టె మోసుకొచ్చే ఎనభై ఏళ్ళ తాత. వాడికి చెవులు కూడా వినపడవు. బావోషాన్‌కి ఊరట కలగాల్సింది పోయి దిగులు రెట్టింపైంది. మగాడుంటే కనీసం కలబడొచ్చు. పదకొండో అంతస్తుతో ఎలా కలబడటం?

ఆయనకి నిజంగానే బెంగ పట్టుకుంది. పొలం లేదు, తవ్వడానికి మట్టి లేదు, ఉడికీ ఉడకని నూడుల్స్ ముందు పెట్టుకుని ఒక్కడే కూర్చునేవాడు. ఇన్నేళ్ళూ ఇంట్లో ఆయన ఏమీ మాట్లాడలేదన్నది నిజమే. కానీ మాట్లాడకుండా కూర్చోవడానికైనా ఎదురుగా ఒక మనిషి కావాలి. యిన్‌ఫెంగ్ ఇక రాదేమో అన్న భయం పొద్దున లేస్తూనే మొదలయ్యేది.

మింగలేక కక్కలేక ఆయన అలా ఉండగానే, ఒక మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది. తీస్తే చెల్లెలు బావోచిన్. వీపు మీద పరుపు చుట్ట, ఒక చేతిలో ఇనప మూకుడు, ఇంకో చేతిలో సంచి, సంచిలోంచి తల బయటపెట్టి చూస్తున్న బతికున్న బాతు.

"వచ్చేశానన్నా," అంది.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. ముప్ఫై ఆరేళ్ళ కిందట లువోల ఇంట్లోనూ తినడానికి లేదు, అవతలి ఊళ్ళో యాన్‌ల ఇంట్లోనూ లేదు. ఇద్దరి కొడుకులకీ పిల్లనిచ్చే నాథుడు లేడు. పెద్దలు ఆలోచించి కుండమార్పిడి కుదుర్చుకున్నారు. యాన్‌ల పిల్ల యిన్‌ఫెంగ్ బావోషాన్‌కి, బావోషాన్ చెల్లెలు బావోచిన్ యిన్‌ఫెంగ్ అన్న చాంగ్‌హెకి. ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు. రెండు ఎద్దుబండ్లు దారి మధ్యలో ఎదురుపడితే, పెళ్ళికూతుళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒకేసారి బావురుమన్నారట. పెద్దలు అప్పుడే ఒక కట్టుబాటు కూడా పెట్టారు. ఒక పిల్ల పుట్టింటికి తిరిగొస్తే, రెండో పిల్ల కూడా ఆ రోజే మూట సర్దుకోవాలి. ఆ మాట భయానికే ఇద్దరిలో ఏ ఒక్కతీ ఎన్నడూ గడప దాటలేదు.

"వదిన నిన్నొదిలేసిందిగా," అంది బావోచిన్ పరుపు దించుకుంటూ.

"వదిలెయ్యలేదే! ఫ్లాటు కోసం తీసుకున్న విడాకులు."

"ఊరంతా మళ్ళీ చేసుకున్నారు. మీరు చేసుకోలా. అంటే వదిలేసినట్టే. మరి నేను తిరిగి రావాలా, వద్దా?"

"అది ఎప్పటి మాటే తల్లీ!"

"మాటకి గడువేమన్నా పెట్టారా?"

బావోషాన్ నెత్తి పట్టుకున్నాడు. "బావ నిన్ను కొట్టాడా?"

"లేదు."

"తిట్టాడా?"

"అంత తీరిక ఆయనకెక్కడిది, పొద్దస్తమానం చదరంగమేగా."

"మరెందుకొచ్చావే?"

"ఇంట్లోంచి బయటపడటానికి ఒక కారణం కావాలి కదన్నా. ఇన్నేళ్ళూ వెతికాను, దొరకలా. ఇప్పుడు దొరికింది." బాతుని తీసుకెళ్ళి స్నానాల తొట్టిలో వదిలింది. "ఇది నా బాతు. ఆయనది కాదు."

టీవీ పెట్టుకుని సోఫాలో కాళ్ళు చాపుకుంది. వంట మాట ఎత్తలేదు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది అన్న సామెత బావోషాన్ విషయంలో తిరగబడింది. ఉన్నది పోయి, పంపించేసింది తిరిగొచ్చింది.

మర్నాడు మొదటి బస్సుకే చాంగ్‌హె దిగాడు. ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి తెల్ల మేజోడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, తన మేజోళ్ళు ఏ పెట్టెలో ఉంటాయో కూడా తెలీదు. బావోచిన్ తలుపు తియ్యలేదు. లోపల్నించి టీవీ గొంతు మాత్రం పెంచింది. చాంగ్‌హె బావోషాన్‌ని రెక్క పట్టుకుని నడవాలోకి లాక్కెళ్ళాడు.

"బావా, ఇదంతా నీ వల్లే. నా చెల్లెలు నీ ఇంటికి తిరిగొస్తే, నీ చెల్లెలు నా ఇంటికి తిరిగొస్తుంది. పద పైకి. నా మాట అది కాదనదు. ఎప్పుడూ కాదనలేదు."

బావోషాన్ ప్రాణం లేచొచ్చింది. ఈ ఉపాయం ముందే తట్టలేదే అనుకుంటూ లిఫ్టు మీట నొక్కాడు.

యిన్‌ఫెంగ్ ఇద్దరికీ టీ పోసింది. డ్యాన్సు బట్టలు మడత పెట్టుకుంటూ అన్న చెప్పేదంతా వింది. చాంగ్‌హె చెప్పాల్సిందంతా చెప్పాడు. ఇల్లు పాడుపడిందన్నాడు, పొయ్యి వెలగలేదన్నాడు, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నీ కోసం కాదు చెల్లీ. ఈ అన్నయ్య కోసం. ఒక్క సంతకం చెయ్యి. మీ వదిన తిరిగొస్తుంది."

యిన్‌ఫెంగ్ చేతుల్లో బట్ట మడత అక్కడే ఆగిపోయింది.

"నాన్న కూడా ఇదే మాటన్నాడు అన్నయ్యా. నీ కోసం కాదమ్మా, అన్నయ్య కోసం, అన్నాడు."

"నువ్వేమన్నావు?" అన్నాడు బావోషాన్. తనే అడిగానని తెలిసి ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఆయన నోటికి రావడం అదే మొదలు.

"ఏమంటాను? నన్నెవరూ అడగలేదుగా. చెప్పారు. బండెక్కాను."

చాంగ్‌హె ముక్కు చీదుకున్నాడు. యిన్‌ఫెంగ్ అన్న కాళ్ళకున్న మేజోళ్ళ వంక చాలాసేపు చూసి, నిట్టూర్చి లేచింది. కొక్కేనికున్న కోటు తీసుకుంది.

"సరే. ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?"

చాంగ్‌హె ముఖం వెలిగింది. బావోషాన్ గుండె కూడా గంతేసింది, లేదంటే అబద్ధం. తన నూడుల్స్, తన చొక్కా, తన ఎదురుగా తన మనిషి, అన్నీ ఒక్క ముద్ర దూరంలోకొచ్చాయి. కానీ కోటు తొడుక్కుంటున్న ఆవిడ ముఖం చూశాడు. నిన్నటి దాకా ఉన్న కళంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది. ఎద్దుబండి దిగిన రోజు తన ఇంటి గుమ్మంలో నిలబడిన ముఖం అదే. ఆ రోజు ఆయన దాన్ని సిగ్గనుకున్నాడు.

"నేను చేసుకోను," అన్నాడు బావోషాన్.

"ఏంటీ?" అన్నాడు చాంగ్‌హె.

"ఒకసారి మార్పిడికి తెచ్చుకున్నాను. ఒకసారి ఫ్లాటు కోసం ఇచ్చేశాను. ఇంక చాలు. నా కోసం కూడా తేను, నీ కోసం కూడా తేను." ఆయన జన్మలో అంత పొడుగు మాట మాట్లాడలేదు, ఆయాసం వచ్చింది. "నీ పెళ్ళాం కావాలంటే నువ్వే వెళ్ళి అడుక్కో బావా. ఆరో అంతస్తులో ఉంది. జాగ్రత్త, బాతు పొడుస్తుంది."

"నీకు పిచ్చెక్కింది," అని చాంగ్‌హె విసవిసా వెళ్ళిపోయాడు. లిఫ్టు కిందికి దిగిన చప్పుడు వినిపించింది.

బావోషాన్ కూడా లేచాడు. వెళ్ళొస్తానని చెప్పాలో, చెప్పకుండా పోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నోటిదాకా వచ్చిన ముద్దని తనే తోసేశానని అప్పుడు గానీ పూర్తిగా అర్థం కాలేదు. కళ్ళు మండాయి.

"ఆగు," అంది యిన్‌ఫెంగ్. కోటు విప్పి మళ్ళీ కొక్కేనికి తగిలించింది. "ఇప్పుడడుగు."

"ఏమని?"

"ఏమనో నేను చెప్పాలా?"

బావోషాన్ గొంతు సవరించుకున్నాడు. పూలకుండీ వంక చూస్తూ, "మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా?" అన్నాడు.

"నన్ను చూసి అడుగు. కుండీని కాదు."

ఆవిడ వైపు తిరిగాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"వద్దు," అంది యిన్‌ఫెంగ్.

అని, తన నోట్లోంచి వచ్చిన మాట తనకే కొత్తగా వినపడినట్టు ఒక్క క్షణం ఆగింది. "వద్దు!" అని ఇంకోసారి, ఈసారి గట్టిగా అంది. నవ్వు ముంచుకొచ్చింది, నవ్వుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి, కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. బావోషాన్‌కి బాధ కలిగింది. కానీ ఆవిడ అంతలా నవ్వడం ఎన్నడూ చూడలేదేమో, చూస్తుంటే తనకీ నవ్వొచ్చింది.

"రేపు మళ్ళీ అడుగు," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

"ఎన్నింటికి?"

"డ్యాన్సు అయ్యాక."

ఆరో అంతస్తులో చాంగ్‌హె తలుపు పక్కన నేల మీద చతికిలబడి ఉన్నాడు. బావోషాన్ ఆయన్ని దాటుకుని తాళం తీసి లోపలికెళ్ళాడు. సోఫాలోంచి బావోచిన్ తల తిప్పింది.

"వదినేమందన్నా?"

"వద్దంది."

"మరి నవ్వుతావేం?"

"రేపు మళ్ళీ అడగమంది."

బావోచిన్ టీవీ కట్టేసింది.

"అడిగినప్పుడు మనం వద్దనొచ్చా?"

"అనొచ్చట."

ఆవిడ లేచి, జుట్టు సవరించుకుని, వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. నేల మీద కూర్చున్న మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"లేచి నిలబడు," అంది. "నన్నడుగు."